బాలుకే కదా తగిలింది, మాస్టారూ!

బలం విషయంలో ఉత్తరాంధ్ర ఎవరికీ తీసిపోదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు మల్లయోధుడిగా, సర్కస్ యజమానిగా దేశమంతా పేరు తెచ్చుకోకముందు విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పినవాడు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి బయల్దేరిన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. నెల్లిమర్ల పక్కనున్న కొండవెలగాడ పేరెత్తితే బరువులెత్తే ఆడపిల్లలూ మగపిల్లలూ గుర్తొస్తారు. ఇక కబడ్డీ సంగతి వేరే చెప్పాలా! ఈ ప్రాంతం క్రికెట్టుకి కూడా ఒక కెప్టెన్‌ని ఇచ్చింది. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకి నాయకుడు విజయనగరం రాజకుమారుడు విజ్జీయే. ఫుట్‌బాల్ మాత్రం ఇక్కడ ఎక్కువగా బడి మైదానంలోనే బతుకుతోంది. ఆడించేది పీఈటీ మాస్టారు, విజిల్ ఊదేదీ ఆయనే.

ఆ మాస్టారికి ఎదురయ్యే మొదటి చిక్కు నియమాల పుస్తకంలో కనిపించదు, గట్టు మీద నిలబడ్డ జనం కళ్ళలో కనిపిస్తుంది. కబడ్డీ చూసి పెరిగిన కళ్ళవి. కబడ్డీలో పట్టే ఆట. కూతకొచ్చినవాడి మడమ పట్టినా, నడుం పట్టినా, నలుగురూ కలిసి మీద పడినా చప్పట్లే. దానికీ హద్దులున్నాయి. నోరు మూసి కూత ఆపకూడదు, కాళ్ళతో కత్తెర వేయకూడదు. కానీ ఒంటి మీద చెయ్యి వేయడమే తప్పు అన్న ఊహ ఆ ఆటలో లేదు. అలాంటి కంటికి ఫుట్‌బాల్‌లో చొక్కా పట్టి లాగితే విజిల్ ఎందుకు మోగిందో ఒక పట్టాన అర్థం కాదు. కాళ్ళ మీదకి జారి, బంతిని తన్ని, దానితోపాటు ఎదుటివాణ్ణీ కూల్చినవాణ్ణి ఆపితే మరీ అర్థం కాదు. "ఏటి మాస్టారూ, బాలుకే కదా తగిలింది!" అని గట్టు మీంచి కేక వస్తుంది. ఆ కేక న్యాయమైనదేనా? శరీరం శరీరానికి తగలక తప్పని ఆటలో ఏ తాకిడి ఆట, ఏ తాకిడి తప్పు? నూట అరవై ఏళ్ళుగా ఈ ప్రశ్నకి ఎన్ని జవాబులు మారాయో, వాటిలో మన మైదానానికి ఏవి పనికొస్తాయో చూడటం ఈ వ్యాసం పని.

అసలు ఈ ఆట పుట్టిందే ఈ తగాదాతో. 1863లో లండన్‌లో క్లబ్బులన్నీ కూర్చుని నియమాలు రాసుకుంటున్నప్పుడు ఎదుటివాడి ముంగాలి మీద తన్నవచ్చా కూడదా అన్న దగ్గర చీలిక వచ్చింది. తన్నకూడదని మెజారిటీ తేల్చడంతో బ్లాక్‌హీత్ క్లబ్బు బయటికి వెళ్ళిపోయింది. తర్వాత అది రగ్బీ సంఘం స్థాపించినవాళ్ళలో ఒకటైంది. తన్నులు లేకపోతే ఆటలో మగతనం పోతుందని వాళ్ళ బాధ. అదే మాట ఇవాళ మన గట్ల మీద కూడా వినిపిస్తుంది, కాకపోతే యాస వేరు.

మొదట్లో మైదానం మధ్యలో రిఫరీ లేడు. జట్టుకొక అంపైర్ ఉండేవాడు, వాళ్ళిద్దరికీ కుదరనప్పుడు బయట కూర్చున్న రిఫరీని అడిగేవారు. 1891లో రిఫరీని మైదానం లోపలికి తెచ్చారు, ఆ ఏడాదే పెనాల్టీ కిక్ కూడా వచ్చింది. దాన్ని ప్రతిపాదించినవాడు విలియం మెక్రమ్ అనే ఐర్లండ్ గోల్‌కీపర్. పెద్దమనుషులు కావాలని తప్పు చేయరు కాబట్టి పెనాల్టీ పెట్టడమే తమకు అవమానమని ఇంగ్లండులో కొందరు అమెచ్యూర్ ఆటగాళ్ళు ముఖం మాడ్చుకున్నారు. తప్పంటే బుద్ధిపూర్వకంగా చేసిందే అన్న నమ్మకం వాళ్ళది. ఆ నమ్మకం నియమాల్లో వందేళ్ళు నిలిచింది.

కాలంతోపాటు కొలత ఎంత మారిందో చూడాలంటే 1958 ఎఫ్.ఏ. కప్ ఫైనల్ చాలు. బోల్టన్ ఆటగాడు నాట్ లాఫ్ట్‌హౌస్, బంతి అందుకున్న మాంచెస్టర్ యునైటెడ్ గోల్‌కీపర్ హ్యారీ గ్రెగ్‌ని భుజంతో గుద్ది, బంతితో సహా గోల్లోకి నెట్టేశాడు. గోల్ ఇచ్చారు. అప్పటి లెక్కకి అది ఆటే. ఇవాళ మన మండల స్థాయి పోటీలో అలా జరిగితే విజిల్‌తో పాటు కార్డు కూడా బయటికొస్తుంది. తాకిడి అదే, తీర్పు మారింది.

అసలైన మలుపు 1995లో వచ్చింది. ఫౌల్స్ గురించి చెప్పే పన్నెండో నియమంలో "కావాలని" అన్న షరతు చేతితాకిడి విషయంలో తప్ప మిగతా చోట్ల తీసేశారు. అప్పటినుంచి రిఫరీ ఆటగాడి మనసు చదవనక్కర్లేదు. అతను ఏం అనుకున్నాడో వదిలేసి ఎలా వెళ్ళాడో చూస్తే చాలు. తీర్పుకి మూడు మెట్లు పెట్టారు. ఎదుటివాడి గురించి జాగ్రత్త లేకుండా వెళ్తే ఫ్రీ కిక్, అంతటితో సరి. అతనికి ఏమవుతుందో లెక్కచేయకుండా వెళ్తే పసుపు కార్డు. అవసరానికి మించిన బలం వాడినా, ఎదుటివాడి ఒంటికి ప్రమాదం తెచ్చినా ఎర్ర కార్డు. ఢీకొట్టడం, మీదకి దూకడం, తన్నడం లేదా తన్నబోవడం, తోయడం, కొట్టడం, అడ్డుకాలు పెట్టడం, ట్యాకిల్ చేయడం అన్నిటికీ ఇవే మెట్లు. పట్టుకోవడం, ఉమ్మడం, కొరకడం మాత్రం ఈ మెట్ల బయట ఉన్నాయి. వాటికి జాగ్రత్తతో పనిలేదు, చేస్తే తప్పే. 1998 ప్రపంచకప్ నాటికి వెనకనుంచి ప్రమాదకరంగా చేసే ట్యాకిల్‌కి ఎర్ర కార్డు తప్పదని స్పష్టం చేశారు. ఇప్పుడు ఏ దిక్కునుంచి చేసినా అదే మాట.

ఇక గట్టు మీది కేక దగ్గరికి వద్దాం. బంతి ముందు తగిలితే ఫౌల్ కాదని పుస్తకంలో ఎక్కడా లేదు. ఏ పేజీ తిప్పినా దొరకదు. బంతిని శుభ్రంగా తీసుకున్నాక అదే కాలితో ఎదుటివాడి చీలమండ మీద పడితే అది నిర్లక్ష్యం కావచ్చు, అంతకంటే పెద్దదీ కావచ్చు. బంతి తగలడం ఒక సాక్ష్యం మాత్రమే. ఆటగాడు బంతి కోసం వెళ్ళాడని అది చెబుతుంది. ఎలా వెళ్ళాడో చెప్పదు. అలాగే ఒంటికి తగిలిన ప్రతిదీ ఫౌల్ కాదు. కాలు కాలికి తగలగానే పిల్లలు చేతులెత్తి రిఫరీ వైపు చూస్తారు. మాస్టారు ప్రతిసారీ ఊదితే ఆట నలభై ముక్కలవుతుంది. బంతి ఆడేంత దూరంలో ఉన్నప్పుడు, మోచేయి కదపకుండా భుజం భుజానికి ఆనించి జాగా కోసం పోటీపడటం ఆటలో భాగమే. బంతిని కాచుకోవడానికి ఒళ్ళు అడ్డుపెట్టడమూ తప్పు కాదు, బంతి అందేంత దగ్గర ఉంటే. అందనంత దూరంలో ఉన్నప్పుడు దారికి అడ్డంపడితేనే తప్పు.

ప్రపంచకప్పుల్లో పెద్ద పెద్ద రిఫరీలు తప్పటడుగు వేసినవి కూడా ఎక్కువగా ఇక్కడే. 1982 సెమీఫైనల్లో పశ్చిమ జర్మనీ గోల్‌కీపర్ షూమాకర్ ఫ్రాన్స్ ఆటగాడు బాటిస్టన్‌ని గాల్లో గుద్ది స్పృహ తప్పించాడు. ఫౌల్ కూడా ఇవ్వలేదు, గోల్ కిక్‌తో ఆట మొదలైంది. 2010 ఫైనల్లో నెదర్లాండ్స్ ఆటగాడు డి యాంగ్ కాలు స్పెయిన్ ఆటగాడు అలాన్సో గుండెల మీద దిగింది. రిఫరీ హోవార్డ్ వెబ్ పసుపు కార్డు చూపించాడు. తర్వాత వీడియో చూసి అది ఎర్ర కార్డేనని, ఆ క్షణంలో తన చూపుకి అడ్డు వచ్చిందని ఆయనే చెప్పాడు. 2014లో బ్రెజిల్ ఆటగాడు నెయ్‌మార్ వీపు మీద కొలంబియా ఆటగాడు సున్యీగా మోకాలు దిగి ఎముక విరిగింది. కార్డు కూడా పడలేదు. ఈ మూడిట్లోనూ రిఫరీ ఏ నియమమూ మరిచిపోలేదు. కొందరికి సరైన చోటు దొరకలేదు, కొందరికి కళ్ళు బంతితో పాటే వెళ్ళిపోయాయి.

చోటు అన్నది మన దగ్గర పెద్ద సమస్య. రిఫరీ మైదానాన్ని మూలనుంచి మూలకి ఏటవాలుగా నడవాలని, గీతల దగ్గర ఇద్దరు సహాయకులు మిగతా సగాలు చూడాలని పద్ధతి పెట్టినవాడు స్టాన్లీ రౌస్. 1938లో నియమాలను సులువైన భాషలో తిరగరాసిందీ ఆయనే. ఆ పద్ధతి సహాయకులుంటేనే నిలుస్తుంది. బడి పోటీల్లో గీత దగ్గర జెండా పట్టుకునేది చాలాసార్లు ఆడుతున్న బడుల పిల్లలో, ఆ బడి మాస్టార్లో. వాళ్ళు బంతి బయటికి వెళ్ళిందీ లేనిదీ చెప్పగలరు. తమ జట్టు ఫౌల్‌కి జెండా ఎత్తమంటే ఎత్తుతారా? అందుకని మధ్యలో ఉన్న ఒక్కడే అన్నీ చూడాలి, ఎర్రమట్టి దుమ్ములో, సాయంత్రం పడమటి ఎండ కంట్లో కొడుతుంటే. ఇద్దరు ఆటగాళ్ళు తగిలేచోటికి ఎదురుగా నిలబడితే వీపు తప్ప మరేమీ కనబడదు. పక్కకి జరిగి ఇద్దరి మధ్య సందు కనిపించేలా నిలబడాలి. దగ్గరగా వెళ్ళడం కంటే పక్కకి జరగడం ఎక్కువ ఫలితమిస్తుంది. అయితే యాభై ఏళ్ళ మాస్టారికి పక్కకి జరగాలన్నా ముందు అక్కడిదాకా పరిగెత్తాలి కదా!

కాళ్ళ సంగతి ఇంకొకటి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 2-1 తేడాతో ఓడిన భారత జట్టులో చాలామంది ఉత్త కాళ్ళతో ఆడినవాళ్ళే. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యాక మన ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. హైదరాబాద్ మాస్టారు సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన జట్టు బూట్లతోనే 1956 మెల్‌బోర్న్‌లో సెమీఫైనల్ దాకా వెళ్ళింది, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. నాలుగో నియమం ప్రకారం కాలికి జోడు లేకుండా ఆడించకూడదు. ఇక్కడి మైదానాల్లో ఒక జట్టు స్టడ్ బూట్లతో, ఇంకో జట్టు కాన్వాస్ బూట్లతోనో ఉత్త కాళ్ళతోనో దిగడం మామూలే. సీతంపేట, పార్వతీపురం కొండల బడుల పిల్లల పరుగుకి పట్నం పిల్లలు తట్టుకోలేరు, కానీ స్టడ్ కింద పడిన వేలికి పరుగు ఏం సాయం చేస్తుంది? అజాగ్రత్త అన్న మెట్టు ఇక్కడ కిందికి దిగాలి. ఇద్దరి కాళ్ళకీ బూట్లున్నప్పుడు వదిలేయదగ్గ తాకిడి, ఒకరి కాలు బోసిగా ఉన్నప్పుడు వదిలేయదగ్గది కాదు. ఇది నా అభిప్రాయం. ఎదుటివాడికి ప్రమాదమా అని అడిగే నియమం కూడా దీనికి అడ్డు రాదు.

చూపు మీద పరిశోధకులు చేసిన పని చూస్తే ఎంతటి రిఫరీ అయినా కాస్త తగ్గి కూర్చుంటాడు. 2002లో ఇంగ్లండులో నలభై మంది అర్హత ఉన్న రిఫరీలకు ఒక లీగ్ మ్యాచ్‌లోని తాకిళ్ళు వీడియోలో చూపించారు. కొందరికి జనం అరుపులతో, కొందరికి మౌనంగా. అరుపులు విన్నవాళ్ళు సొంత మైదానం జట్టు మీద సుమారు 15 శాతం తక్కువ ఫౌల్స్ ఇచ్చారు. కరోనా రోజుల్లో ఖాళీ స్టేడియాల్లో ఆడినప్పుడు సొంత జట్టు మీద కార్డుల విషయంలో కనిపించే ఆ మొగ్గు బాగా తగ్గిపోయింది. 2001లో జర్మన్ పరిశోధకులు ఇంకోటి కనిపెట్టారు. ఒక జట్టుకి ఒక పెనాల్టీ ఇచ్చిన రిఫరీ, అదే జట్టుకి రెండోది ఇవ్వడానికి వెనకాడతాడు. 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో యూరప్ పోటీలు, ప్రపంచకప్పులు కలిపి లక్షకు పైగా ఫౌల్స్ లెక్కతీస్తే, ఇద్దరిలో పొడుగువాడినే తప్పుచేసినవాడిగా తేల్చే మొగ్గు కనిపించింది. ఎడమవైపుకి సాగే కదలిక కుడివైపు కదలిక కంటే ఎక్కువ ఫౌల్‌లా కనిపిస్తుందని అమెరికాలో ఒక చిన్న పరీక్ష చెప్పింది. ఎడమనుంచి కుడికి చదివే అలవాటే కారణమట. తెలుగు కూడా అటే చదువుతాం కాబట్టి మనకీ ఆ జబ్బు ఉండొచ్చు, కానీ దాని గురించి నిద్ర మానుకోనక్కర్లేదు.

పొడుగు సంగతి మాత్రం మన పోటీలకి సూటిగా తగులుతుంది. స్కూల్ గేమ్స్‌లో పద్నాలుగేళ్ళ లోపు జట్టు చూడండి. ఒకడికి మీసం మొలుస్తుంటుంది, పక్కవాడు ఇంకా పాలబుగ్గల పిల్లాడు. ఇద్దరూ భుజం భుజం ఆనించి పరిగెడితే చిన్నవాడు పడతాడు, పడక తప్పదు. పడ్డాడు కాబట్టి ఫౌల్ అన్నది తప్పుడు లెక్క. పెద్దవాడు మోచేయి లేపాడా, బంతి అందేంత దూరంలో ఉందా, అడుగు బంతి వైపు పడిందా ఒంటి వైపు పడిందా, ఇవీ అడగాల్సినవి. దీనికి ఎదురుగా ఇంకో తప్పుడు లెక్క ఉంది: చిన్నవాడు చేసే చిల్లర తన్నులని చిన్నవాడే కదా అని వదిలేయడం. ఒళ్ళు లేనివాడు కాలితో తీర్చుకుంటాడు. పెద్దవాడు ఓపిక నశించి ఒక్కసారి తోస్తే కార్డు వాడికే పడుతుంది.

వీడియో వస్తే ఇదంతా తీరిపోతుందన్న ఆశ ఒకటుంది. 2018లో ప్రపంచకప్‌లోకి కూడా వీడియో రిఫరీ వచ్చాడు. ఎర్ర కార్డు, పెనాల్టీ లాంటి పెద్ద తప్పులు కొన్ని తగ్గాయి, నిజమే. కానీ 2018లోనే యూరప్ అగ్రశ్రేణి రిఫరీల మీద జరిగిన ఒక పరీక్షలో, అదే తాకిడి నెమ్మదిగా తిప్పి చూపిస్తే వాళ్ళు మరింత కఠినమైన కార్డు ఇచ్చారు. ఫౌలా కాదా అన్న తీర్పు పెద్దగా మారలేదు, శిక్ష పెరిగింది. నెమ్మది వీడియోలో అన్నీ కావాలని చేసినట్టే కనిపిస్తాయి. కాలు ఎక్కడ తగిలిందో చూడటానికి నెమ్మది వీడియో మంచిదే, ఎంత బలంతో తగిలిందో చూడాలంటే మామూలు వేగమే కావాలి. మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐ.ఎస్.ఎల్.) ఏళ్ళ తరబడి వీడియో రిఫరీ లేకుండానే నడిచింది. 2023 మార్చిలో బెంగళూరు, కేరళ జట్ల నాకౌట్ మ్యాచ్‌లో, ఫౌల్ తర్వాత బెంగళూరు ఆటగాడు ఛెత్రి ఫ్రీ కిక్ త్వరగా కొట్టి గోల్ చేస్తే, అది చెల్లదంటూ కేరళ జట్టు మైదానం వదిలి వెళ్ళిపోయింది. అంత డబ్బున్న లీగ్‌లోనే ఒక రిఫరీ మాట నిలబడటం అంత కష్టమైతే, బడి మైదానంలో ఏ రక్షణా లేని మాస్టారి పరిస్థితి వేరే చెప్పాలా?

ఆయన చేతిలో ఉన్నవి కొన్ని పనులే, కానీ పనిచేసేవే. మొదటి పది నిమిషాల్లో వచ్చే మొదటి గట్టి తాకిడిని వదలకూడదు. అక్కడ మౌనంగా ఉంటే ఆట మొత్తం ఆ మెట్టు మీదే నడుస్తుంది, ఇరవయ్యో నిమిషానికి ఎవడో ఒకడు కుంటుతాడు. అలాగని ప్రతిదానికీ కార్డు తియ్యకూడదు. పిలిచి, దగ్గరికి తీసుకుని, "ఒరేయ్, ఇంకోసారి అయితే బయట కూర్చుంటావు" అని చెప్పిన ఒక్క మాట పసుపు కార్డు కంటే ఎక్కువ పనిచేయడం బడి పోటీల్లో తరచూ చూస్తాం. ఫౌల్ అయినా బంతి బాధితుడి జట్టు కాళ్ళ దగ్గరే ఉంటే రెండు మూడు సెకన్లు ఆగి చూడాలి, లాభం కనబడకపోతే అప్పుడు ఊదాలి. జనం దీన్ని రిఫరీ చూడలేదని అనుకుంటారు, కాబట్టి చేతులు చాపి సైగ చేయడం మర్చిపోకూడదు. ఎర్ర కార్డు స్థాయి తాకిడి అయితే, ఖాయమైన గోల్ అవకాశం ఉంటే తప్ప, లాభం చూడకుండా ఆపేయడమే మంచిది.

శిక్ష విషయంలో కబడ్డీ దగ్గర ఫుట్‌బాల్ నేర్చుకోవలసింది ఒకటుంది. కబడ్డీలో పసుపు కార్డు పడితే ఆటగాడు రెండు నిమిషాలు బయట కూర్చుంటాడు, జట్టు వెంటనే నష్టపోతుంది. ఫుట్‌బాల్‌లో పసుపు కార్డు బడి పిల్లాడికి ఒక రంగు కాగితం మాత్రమే, రెండోది పడేదాకా ఏమీ కాదు. పిల్లల పోటీల్లోనూ, కింది స్థాయి పోటీల్లోనూ పసుపు కార్డుకి తాత్కాలికంగా బయటికి పంపే పద్ధతి పెట్టుకోవచ్చని అంతర్జాతీయ నియమాల మండలి 2017 నుంచి అనుమతిస్తోంది. ఆట సమయంలో పది నుంచి పదిహేను శాతం బయట ఉండాలి. జాతీయ ఫెడరేషన్ ఒప్పుకుంటే ఆడించుకోవచ్చు. కబడ్డీ చూసిన మన జనానికి దీన్ని విడమరచి చెప్పే అవసరమే ఉండదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పోటీలు పెట్టేవాళ్ళకి ఒక మనవి. వీడియో కెమెరాలు మనకి ఇప్పట్లో రావు, అవి అడగను. జిల్లా స్థాయి పోటీలకి ముందు రోజు విజిల్ పట్టబోయే పీఈటీలందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఇరవై తాకిళ్ళ వీడియోలు మామూలు వేగంతో చూపించి, ఎవరి తీర్పు ఎలా ఉందో ఒకరికొకరు వినిపించండి. మ్యాచ్‌కి గీతల దగ్గర, ఆ రెండు బడులతో సంబంధం లేని ఇద్దరిని నిలబెట్టండి. ఒక జట్టుకి బూట్లు లేకపోతే ఇంకో జట్టు స్టడ్‌లు విప్పించి ఇద్దరికీ కాన్వాస్ బూట్లే తొడిగించండి. అవి బూట్లు లేని జట్టుకి కూడా దొరికేదాకా విజిల్ ఊదకండి.